బావగారి కాలివేళ్లు

ఆదివారం పొద్దున్న జగన్నాధం వీధి అరుగు మీద స్తంభానికి అద్దం తగిలించుకొని గడ్డం గీసుకునేవాడు. ఆయనకు అప్పటికి యాభై ఆరేళ్లు. కత్తి చెవి దగ్గర మొదలై, దవడ మీదుగా దిగి, గడ్డం కింద ఆగి, మళ్లీ చెవి దగ్గరికి వెళ్లేది. చెయ్యి ఎక్కడా తొణికేది కాదు. పక్కింటి అరుగు మీద చేట పెట్టుకొని కూర్చున్న లక్ష్మణమ్మ బియ్యంలో రాళ్లు ఏరడం మానేసి ఆ చేతినే చూసేది. గాటు పడుతుందేమోనని చూసేది. పడాలని చూస్తున్నావా, పడకూడదని చూస్తున్నావా అని ఎవరైనా అడిగి ఉంటే జవాబు చెప్పేది కాదు. చేట తీసుకొని లోపలికి పోయేది.

జగన్నాధం ఆమెకు బావగారు, ఆమె భర్త అప్పలసూరికి సొంత అన్న. అన్నదమ్ములకు వయసులో పదిహేనేళ్లు తేడా. కానీ ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే తమ్ముడే పెద్దవాడిలా కనిపించేవాడు. అసలు అతన్ని నిలబెట్టడమే కష్టం. తల ఒక వైపు విసిరినట్టు పోయేది, భుజం ఇంకో వైపు ఎగిరేది, మొహంలో కనుబొమలూ పెదవులూ దేని దారి దానిదే. కుదురుగా కూర్చోబెడితే మంచం పట్టెలు చప్పుడు చేసేవి. నిద్రపోయినప్పుడు మాత్రం ఒళ్లు ఊరుకునేది. పగటిపూట అతను కునుకు తీస్తుంటే లక్ష్మణమ్మ పని మానుకొని వచ్చి కాసేపు చూసేది. అప్పుడు అతను తాను పెళ్లాడిన మనిషిలా ఉండేవాడు.

ఊరు గోగులవలస. రాజాంకి మూడు మైళ్లు. రెండు కుటుంబాలకూ కలిపి ఎనిమిదెకరాల పల్లం, నాలుగెకరాల మెట్ట. పల్లంలో వరి, మెట్టలో చోళ్లు, అంటే రాగులు, నారకు గోగు. అప్పలసూరి మంచం పట్టాక మొత్తం సేద్యం జగన్నాధమే చేయించి, తమ్ముడి వాటా గింజలు తమ్ముడి గాదెలో పోయించేవాడు. ఏ ఏడూ ఒక్క గింజ తగ్గించలేదు. ఆ మాట లక్ష్మణమ్మే పదిమందిలో చెప్పేది. చెప్పినప్పుడల్లా లోపల ఎక్కడో మంట పుట్టేది. మంచివాడు కాకపోయినా బాగుండేది, కనీసం తిట్టుకోవడానికి ఉండేది అనుకునేది.

ఆమెది కళింగపట్నం వైపు. పదహారేళ్లకు పెళ్లయింది. అత్తారింటికి వచ్చేనాటికి మామగారు సూరయ్య పోయి ఏడాదయింది. ఎలా పోయాడంటే జ్వరం అన్నారు. జ్వరానికి ముందు పన్నెండేళ్లు ఆయన ఒళ్లంతా తుళ్లిపడుతూ బతికాడనీ, పొలిమేర దాటితే పిల్లలు వెంటపడి నవ్వేవారనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెళ్లయిన పదకొండేళ్లకు, ఆకుమడిలో విత్తనాలు చల్లుతూ అప్పలసూరి రెండుసార్లు పడ్డాడు. చేతిలో గింజలు చల్లకముందే జారిపోతున్నాయి. తాగి వచ్చాడని కూలీలు అనుకున్నారు. అతను చుక్క ముట్టని మనిషి. అప్పుడు అతనికి ముప్పై మూడేళ్లు. నూతి దగ్గర ముసలి గున్నమ్మ బిందె దించి, "మీ మావ కూడా ఇలాగే మొదలెట్టినాడే అమ్మా. ముందల కాళ్లు, తరవాత సేతులు" అంది.

లక్ష్మణమ్మ ఖాళీ బిందెతో తిరిగి వచ్చి తోడికోడలు దానమ్మను నిలదీసింది. దానమ్మ పొయ్యి ముందునుంచి లేవలేదు. మంట ఎగదోస్తూ కూర్చుంది. ఆ ఊరుకోవడమే జవాబు.

ఆ జబ్బు అంతటితో ఆగి ఉంటే మొగుడి కర్మ అనుకొని సరిపెట్టుకునేదేమో. రెండేళ్లు తిరక్కుండా కూతురు పద్మకుమారి మారిపోయింది. ఒక్కతే కూతురు. తొమ్మిదో ఏడు. బడిలో అందరికంటే ముందు పలక చూపించే పిల్ల, ఎక్కం మధ్యలో ఆగిపోయి గోడకేసి చూడసాగింది. నడక బరువెక్కింది. మేష్టారు బద్ధకమన్నాడు. లక్ష్మణమ్మ కూడా రెండు దెబ్బలు వేసింది. ఆ రెండు దెబ్బలూ ఆమె జన్మలో మరిచిపోలేదు. పిల్ల ఒళ్లు తండ్రిలా ఊగలేదు. దానికి పూర్తిగా వ్యతిరేకంగా బిగుసుకుపోయింది. మోచెయ్యి మడిస్తే మడిచినట్టే ఉండేది. చాపాలంటే ఎండిన గోగు కట్టెను వంచినట్టు. పదకొండో ఏట మూర్ఛలు మొదలయ్యాయి. కాబట్టి ఇది వేరే జబ్బేననీ, తండ్రిది తండ్రిదేననీ లక్ష్మణమ్మ చాలాకాలం గట్టిగా నమ్మింది. ఒకటి ఊగుడు, ఒకటి బిగుపు. రెండూ ఒకటెలా అవుతాయి?

పిల్లకు పన్నెండేళ్లప్పుడు జగన్నాధం ఇద్దరినీ బండి కట్టించి, చీపురుపల్లి దాకా తీసుకెళ్లి, రైలెక్కించి, విశాఖపట్నం పెద్దాసుపత్రికి చేర్చాడు. లక్ష్మణమ్మ వెంట వెళ్లింది. అక్కడ కుర్ర డాక్టరొకాయన అప్పలసూరిని నాలుక బయట పెట్టి ఉంచమన్నాడు. నాలుక ఉండలేదు, లోపలికి పారిపోయింది. తన రెండు వేళ్లు ఇచ్చి గట్టిగా పట్టుకోమన్నాడు. అప్పలసూరి పిడికిలి పాలు పిండుతున్నట్టు బిగుస్తూ వదులుతూ ఉంది. తర్వాత పద్మ కాళ్లూ చేతులూ మడిచి చూశాడు, మామగారి సంగతి అడిగాడు, చాలాసేపు రాసుకున్నాడు.

"రెండూ ఒకటే జబ్బమ్మా" అన్నాడు చివరకు. "హంటింగ్టన్ కొరియా అంటారు. మెదడులో నరాలు కొంచెం కొంచెంగా చచ్చిపోతాయి. తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ రావడానికెంత అవకాశముందో, రాకపోవడానికీ అంతే. బొమ్మా బొరుసూ వేసినట్టు."

"మరి ఆయన ఊగుతాడు, ఇది బిగుసుకుపోతాది గదండీ."

"వచ్చే వయసును బట్టి రూపం మారుతుంది. నడివయసులో వస్తే ఇలా ఊగుతారు. చిన్నతనంలో వస్తే ఊగరు, బిగుసుకుపోతారు, మూర్ఛలొస్తాయి. చిన్నతనంలో వచ్చింది త్వరగా ముదురుతుంది. తండ్రి నుంచి వచ్చినప్పుడు ఒక్కోసారి పిల్లలకు ఇలా ముందే వస్తున్నట్టుంది. ఎందుకో తెలీదు."

"ముసలితనంలో వస్తేనో?"

"నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగా నడుస్తుంది. కొంతమందిలో వయసు మీద పడ్డంవల్ల వణుకనుకొని వదిలేస్తారు కూడా."

లక్ష్మణమ్మ తలుపు వైపు చూసింది. బయట బల్ల మీద జగన్నాధం కూర్చొని ఉన్నాడు, చేతులు మోకాళ్ల మీద కదలకుండా పెట్టుకొని. ఆమె గొంతు తగ్గించి అడిగింది. "మా బావగారికి యాభై మూడండీ. ఆయనకు రాదా ఇంక?"

"ఇంతవరకు రాలేదంటే చాలావరకు తప్పించుకున్నట్టే. పూర్తిగా అని చెప్పలేను. అరవైలో వచ్చినవాళ్లూ ఉన్నారు. ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదమ్మా."

ఊగుడు తగ్గడానికి మాత్రలు రాసిచ్చాడు. జబ్బుకు మందు లేదని మాత్రం దాచకుండా చెప్పాడు. తిరుగు రైల్లో లక్ష్మణమ్మ కూతురి తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. డాక్టరు చెప్పినదాంట్లో ఆమె మనసులో నాటుకున్నది ఒక్క మాటే. అరవై.

అప్పటినుంచి నాలుగేళ్లు ఆమె బావగారి వేళ్లు చూసింది.

చూసేదీ ఆయన్నొక్కణ్ణే కాదు. దానమ్మ ఇంట్లో ఏది జరిగినా ఆమె కళ్లు అక్కడే ఉండేవి. దానమ్మకు నలుగురు పిల్లలు. ముగ్గురికి పెళ్లిళ్లయి ఏడుగురు మనవలు పుట్టారు. ఆఖరిది కన్యాకుమారి, పద్మకంటే నాలుగు నెలలు చిన్న. ఆ పిల్ల ఓణీ వేసుకొని, పుస్తకాలు గుండెకు హత్తుకొని రాజాం హైస్కూలుకు నడిచి వెళ్తుంటే, లక్ష్మణమ్మ వీధి తలుపు మూసేసేది. సాయంత్రం ఆ పిల్ల వచ్చి పద్మ మంచం పక్కన కూర్చొని బడి కబుర్లు చెప్పేది. పద్మ మొహంలో నవ్వు మెల్లగా, నిమిషం పట్టి వచ్చేది. ఆ నవ్వు కోసం లక్ష్మణమ్మ తలుపు తీసేది. పిల్ల వెళ్లిపోయాక, ఆ పిల్ల మెట్లు దిగే చప్పుడు విని పళ్లు కొరుక్కునేది. చకచకా మూడు మెట్లు, ఒక్కటీ తడబడకుండా.

దానమ్మ పనసపండు కోస్తే సగం పంపించేది. లక్ష్మణమ్మ తొనలు గేదె ముందు పడేసేది. దానమ్మ వచ్చి అప్పలసూరికి చోడంబలి తాగించబోతే, "నాను తాగిస్తాను, నువ్వెల్లక్కా, బావగారు నీకోసం ఎదురుసూస్తంటాడు" అనేది. ఆ మాటకు దానమ్మ మొహం చిన్నబోయేది. లక్ష్మణమ్మకు ఆ పూటకు కాస్త తిండి సయించేది. తనలో ఈ బుద్ధి ఎప్పుడు వచ్చి కూర్చుందో ఆమెకే తెలియదు. పుట్టింట్లో ఆమెను అందరూ మెత్తని పిల్ల అనేవారు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం మాఘమాసం. నూర్పులు అయిపోయాయి. ఒక మధ్యాహ్నం జగన్నాధం తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చి, ఎదురుగా నులకమంచం మీద కాళ్లు వేలాడేసుకొని కూర్చున్నాడు. చేతిలో గోగునార. మాట్లాడుతూనే తాడు పేనుతున్నాడు. తమ్ముడికి ఊళ్లో సంగతులు చెబుతున్నాడు. అప్పలసూరికి మాటలు పోయి రెండేళ్లయింది, వినడం మాత్రం ఇష్టం. లక్ష్మణమ్మ ఎప్పటిలా తలుపు చాటున నిలబడి ఉంది.

కుడికాలి బొటనవేలు కదిలింది.

చీమ పాకిందనుకుంది. చీమ లేదు. వేలు పైకి లేచి దిగింది. పక్కవేలు విచ్చుకొని మూసుకుంది. కాసేపు ఏమీ లేదు. మళ్లీ లేచింది. ఎవరో కనిపించని మెట్టు తొక్కుతున్నట్టు. అప్పలసూరికి కూడా మొదట్లో సరిగ్గా ఇలాగే కదిలేవి. అప్పట్లో ఆమె నవ్వుతూ పట్టుకొని ఆపేది. జగన్నాధం మాట ఆపకుండానే ఎడమపాదం తీసి కుడిపాదం మీద పెట్టి నొక్కాడు.

లక్ష్మణమ్మ వంటింట్లోకి వెళ్లి గోడకు ఆనుకుంది. మొదట ఒంట్లోకి వేడి పాకింది. వచ్చింది, ఆయనకూ వచ్చింది అనుకుంది. ఆ వేడి సంతోషమేనని గుర్తుపట్టింది. అయినా నాలుగేళ్లు కాచుకున్న కబురు చేతికందింది, వదలబుద్ధి కాలేదు. పొయ్యి మీద కుండ దించేలోగా ఆ సంతోషం కూడా చేదైపోయింది. యాభై ఏడు. తన మొగుడికి ముప్పై మూడు. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. ఇరవై నాలుగు పంటలు ఆయన నిలబడి కోయించాడు. పెద్ద కొడుక్కి బండి తోలడం నేర్పాడు. మనవల్ని భుజాన మోశాడు. కుంచం నిండా గింజలు ఒలక్కుండా ఎత్తాడు. పైగా ఆయనది నెమ్మదైన రకం. డాక్టరు చెప్పనే చెప్పాడు. ఊళ్లోవాళ్లు వయసు మీదపడింది అంటారు, గౌరవంగా అరుగు మీద చోటిస్తారు. జబ్బు వచ్చినా వాళ్లకు మంచి వాటాయే వచ్చింది. తన ఇంటికి గట్టి వాటా వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. దానమ్మ ఎదురుపడితే, నీకు తెలీదు, నాకు తెలుసు అన్నట్టు ఆమె మొహంలోకి నిదానంగా చూసేది. అన్నేళ్లలో దానమ్మకంటే తన దగ్గర ఎక్కువగా ఉన్నది ఆ ఒక్కటే.

ఉగాది వెళ్లాక కన్యాకుమారికి సంబంధం కుదిరింది. రాజాంలో ధాన్యం కొట్టు పెట్టుకున్న రైతు ధర్మారావు కొడుకు రంగనాథం. కుర్రవాడు బుద్ధిమంతుడు, పిల్లను చూసి ఇష్టపడ్డాడు. వైశాఖంలో ముహూర్తం. దానమ్మ పసుపు కొట్టడానికి రమ్మని పిలవడానికి వచ్చింది. అప్పుడు లక్ష్మణమ్మ పద్మకు అన్నం పెడుతోంది. పద్మకు పదహారేళ్లు, ఒళ్లు పదేళ్ల పిల్లది. ముద్ద నోట్లో పెట్టి, గొంతు కింద వేలితో రాస్తే గానీ మింగలేదు.

"పసుపు కొట్టడానికి నువ్వొచ్చి ముందు రోకలెయ్యాల సెల్లీ" అంది దానమ్మ. "పద్మ గుంట దగ్గిర గున్నమ్మని కూకోబెడతాను."

"నాను రాను."

"అలాగనీకు. కన్నికి నువ్వు సిన్నమ్మవి."

"పెళ్లివోరికి సెప్పినారా అక్కా?"

"ఏటి సెప్పాల?"

"బావగారి కాలివేళ్ల సంగతి."

దానమ్మ ఉలిక్కిపడుతుందనీ, ఏడుస్తుందనీ, అబద్ధమని అరుస్తుందనీ ఎదురుచూసింది. దానమ్మ మెల్లగా గడప మీద కూర్చుంది.

"నువ్వెప్పుడు సూసినావు?"

"మాఘమాసంలో."

"నాను కిందటేడు దసరాల్లో సూసినాను" అంది దానమ్మ. "మావకి పన్నెండేళ్లు సేసినదాన్ని. నోట్లో ముద్ద ఎట్టినాను, కింద బట్టలు మార్సినాను. నాకు తెలీదనుకున్నావేటి? మంచం మీద ఆయన పక్కన పడుకుంటే నాకే తగుల్తాది గదే ఆ కాలు."

లక్ష్మణమ్మ తన దగ్గర ఎక్కువగా ఉందనుకున్న ఆ ఒక్కటీ లేదు. ఆ కోపం మాటలై వచ్చింది.

"తెలిసి ఊరుకున్నావా? నాకు సేసినట్టే ఆ రంగనాథానికీ సేస్తావా? ఆనాడు ఒక్క మాట సెప్పుంటే నానీ గడప తొక్కేదాన్ని కాదు. ఈ గుంట పుట్టేది కాదు, ఇలాగ కట్టెయి పోయేది కాదు."

"ఆనాడు అత్త నా నోరు మూసినాది."

"ఇయ్యాల ఎవలు మూసినారు?"

దానమ్మ గడప మీది పసుపు గోటితో గీకింది.

"నీకేటి" అంది లక్ష్మణమ్మ. ఆపుకోవాలనుకోలేదు, ఆపుకోలేకపోయింది. "నీకు యాభై ఏడుకి ఒచ్చినాది. నా మొగుడికి ముప్పై మూడు. నా గుంటకి తొమ్మిది. అదే నెత్తురు, అదే జబ్బు. నీకు సల్లగా ఒచ్చినాది, నా కొంప కూల్సీసినాది. నీ మొగుడు గడ్డం గీసుకుంటంటే నా కడుపు రగిలిపోతాది. నీ కూతురు మెట్లు దిగితే రగిలిపోతాది. నువ్వంటే నాకు కుళ్లు అక్కా. సెప్పేసినాను."

"నాకు తెలుసు" అంది దానమ్మ. "నాకూ నువ్వంటే కుళ్లే."

లక్ష్మణమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "నానంటేనా? ఏటి సూసి?"

"నీకొక్కతే. దానికి ఒచ్చేసినాది. ఇంక నీకు భయపడ్డానికి ఏటీ మిగల్నేదు. నాకు నలుగురు. ఏడుగురు మనవలు. మొన్న పెద్దోడు గళాసు జారవిడిసినాడు. అందరూ నవ్వినారు. నాను నవ్వనేకపోనాను. పెరట్లోకెల్లి కూకున్నాను." దానమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సల్లగా ఒచ్చిందంటన్నావు. ముప్పై మూడుకే ఒచ్చుంటే నానూ ఒకరిద్దరితో ఆగిపోయుందును. తెలీక నలుగుర్ని కన్నాను. ఆలకీ తెలీక ఏడుగుర్ని కన్నారు. ఆలస్యంగా ఒచ్చినోడు అందరికీ పంచిపెట్టి ఒచ్చినాడే."

లోపలి గదిలో అప్పలసూరి మంచం పట్టెలు చప్పుడు చేస్తున్నాయి. అప్పుడు పద్మ గొంతులో ఏదో కదిలింది. ఆ పిల్ల ఒక మాట అనడానికి మనం నాలుగు మాటలు అనేంతసేపు పట్టేది. ఇద్దరు ఆడవాళ్లూ వంగి విన్నారు.

"కన్నికి... సెప్పండి."

అంతే అంది. మళ్లీ నోరు తెరిచి ముద్ద కోసం చూసింది.

దానమ్మ ఆ మధ్యాహ్నమే మొగుడితో చెప్పింది. జగన్నాధం మొదట కూతురిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాడు. మర్నాడు చొక్కా తొడుక్కొని, సైకిలు తీసి, తొక్కకుండా నడిపించుకుంటూ రాజాం బయల్దేరాడు. ధర్మారావు కొట్టు ముందు నిలబడి, తండ్రి నుంచి తమ్ముడి కూతురి దాకా ఏదీ దాచకుండా చెప్పి, తన కుడిపాదం చెప్పులోంచి తీసి చూపించాడట. పొరుగూరివాళ్లు అది విని తలకాయ తిరిగిందా అన్నారు. మూడోనాడు సంబంధం వద్దని కబురొచ్చింది. ఆ తర్వాత రంగనాథం ఒక్కడే ఒకసారి వచ్చాడు. అరుగు మీద కూర్చొని కన్యాకుమారితో కాసేపు మాట్లాడాడు. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు. మళ్లీ రాలేదు.

సంబంధం చెడితే తన కడుపు చల్లబడుతుందని లక్ష్మణమ్మ అనుకుంది. చల్లబడలేదు. ఈసారి ఆమెకు కంటగింపైంది వేరే సంగతి. బావగారికి చెప్పడానికి నోరుంది. నడిచి వెళ్లడానికి కాళ్లున్నాయి. కూతుర్ని కూర్చోబెట్టుకొని, ఇదీ అమ్మా మన సంగతి అని చెప్పేంత తెలివి తలలో నిలిచి ఉంది. అప్పలసూరికి తనకు వచ్చిందేమిటో తెలిసేసరికే మాట మెలిపడిపోయింది. పద్మకు ఏదీ చెప్పలేదు. చెప్పే వ్యవధి అతనికి దొరకలేదు. జబ్బు ఆలస్యంగా వస్తే మనిషికి దొరికేది ఇదన్నమాట అనుకుంది ఆమె.

కన్యాకుమారి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు వచ్చి పద్మ జుట్టు దువ్వి రెండు జడలు వేసింది. "పిన్నీ, నాను టీచరు ట్రైనింగుకి ఇజీనగరం ఎల్తాను. పెళ్లి సంగతి ఎవరూ ఎత్తొద్దు" అంది. గొంతు మామూలుగానే ఉంది. లక్ష్మణమ్మ ఆ పిల్ల చేతుల్నే చూసింది. దువ్వెన పట్టుకున్న వేళ్లు నిలకడగా ఉన్నాయి. అన్నేళ్లలో మొదటిసారి, అవి అలాగే ఉండాలి దేవుడా అనుకుంది. అనుకున్న మరుక్షణం, మరి నా కూతురి వేళ్లు అనుకుంది. రెండూ ఆమె అనుకున్నవే.

శ్రావణంలో పద్మకు జ్వరం తగిలింది. రెండు రోజుల్లో ఏడుసార్లు మూర్ఛ వచ్చింది. ముసురు పట్టిన మధ్యాహ్నం, తల్లి ఒళ్లో ప్రాణం పోయింది. పోయాక ఆ ఒళ్లు మెత్తబడింది. ఏడేళ్లుగా మడిచిన మోచేతులు చాపుకున్నాయి. లక్ష్మణమ్మ ఆ చేతుల్ని చాపుతూ, మడుస్తూ, మళ్లీ చాపుతూ కూర్చుండిపోయింది. దానమ్మే వచ్చి ఆమె చేతులు విడిపించి, పిల్లకు నీళ్లు పోసింది. ఊరి ఆడవాళ్లంతా ఏడ్చారు. దానమ్మ ఏడవలేదు. లక్ష్మణమ్మ పక్కన చేరి వీపు నిమురుతూ, ఎవరికీ వినబడకుండా, "దానికి తీరిపోనాది, సెల్లీ" అంది. ఆ గొంతులో ఓదార్పుతోపాటు ఇంకోటి కూడా ఉందని లక్ష్మణమ్మకు తెలిసింది. తాను నాలుగేళ్లు తిన్న రుచి అది, తెలియకేం.

మరుసటి ఏడు వేసవికి జగన్నాధం చేతులకూ పాకింది. కుంచం ఎత్తితే గింజలు రాలసాగాయి. దానమ్మ వచ్చి, "ఇశాపట్నం ఆసుపత్రికి తీసుకెల్లాల. నువ్వు తోడొస్తావా? నీకైతే దారి తెలుసు" అని అడిగింది. అప్పలసూరి దగ్గర సెలవులకు వచ్చిన కన్యాకుమారి ఉంటానంది. ముగ్గురూ వెళ్లారు. స్టేషన్లో జగన్నాధం తానే వెళ్లి టిక్కెట్లు తీశాడు. అది చూసి లక్ష్మణమ్మ మనసు చివుక్కుమంది. అలవాటైన చివుక్కు, దాన్ని ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

ఆసుపత్రిలో ఈసారి వేరే డాక్టరు. నాలుక చాపమన్నాడు, వేళ్లు పట్టుకోమన్నాడు. కాగితం మీద రాసుకుంటూ, "పిల్లలెంతమంది?" అని అడిగాడు. దానమ్మ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకొని అలాగే ఉండిపోయింది.

"నలుగురండి" అంది లక్ష్మణమ్మ. "మనవలు ఏడుగురు. అందరూ బాగున్నారు ఇప్పటికి."

తిరుగు రైల్లో దానమ్మ అలసిపోయి ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. విజయనగరం దాటేసరికి లక్ష్మణమ్మ చెయ్యి తిమ్మిరెక్కింది. జరుపుకోలేదు. చీపురుపల్లిలో దిగి బస్సు దగ్గరికి వెళ్తుంటే, దానమ్మ నీళ్ల చెంబు నింపుకోవడానికి ముందుకు వెళ్లింది. జగన్నాధం బస్సు కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. ఇరవై ఏళ్లలో ఆయన మరదలితో ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. మాట్లాడాల్సి వస్తే ఆమె ఎప్పుడూ తలుపు చాటునే ఉండేది. ఇప్పుడు చాటుకు తలుపు లేదు.

"అమ్మా" అన్నాడు, నేలకేసి చూస్తూ. "పెద్దోణ్ణని ఇంట్లో ఏదైనా ముందల నాకే ఎట్టీవోరు. కొత్తబట్టలు ముందల నాకే. పొలం ముందల నాకే. ఇదొక్కటీ ఆడికి ముందల ఒచ్చినాది. నాకు రావాల్సింది."

లక్ష్మణమ్మకు గొంతులో చాలా మాటలు వచ్చాయి. అవును, మీకే రావాల్సింది అనే మాట కూడా వచ్చింది. అది నిజంగా అనుకున్నదే, ఎన్నో ఆదివారాలు అనుకున్నదే. కమ్మీ మీద ఆయన వేళ్లు ఒకటొకటిగా లేస్తూ దిగుతూ ఉన్నాయి. పట్టు జారుతుందేమో అనిపించి ఆమె ఆయన మోచెయ్యి కింద చెయ్యి వేసింది.

"బస్సు కదిలీలాగున్నాది బావగారూ" అంది. "కాలెత్తండి. నాను ఒట్టుకున్నాను."